పేరులో టెస్ట్ ఉన్నవి తప్ప

నేను ఒక ప్రశ్నను. పిల్లల పరీక్ష పేపర్లో ఉండే రకాన్ని కాదు, పెళ్ళిచూపుల్లో అడిగే రకాన్ని అసలే కాదు. కంప్యూటర్ వాళ్ళు నన్ను క్వెరీ అంటారు. నా ఒళ్ళంతా కలిపితే ఐదారు వరుసలు. ఆ మాత్రం దానికి ఆత్మకథ ఎందుకంటారా? మీరెప్పుడైనా రక్తం ఇచ్చి రిపోర్టు తెచ్చుకున్న మనుషులే అయితే ఈ కథలో మీరూ ఉన్నారు. కాస్త కూర్చోండి.

నేను పుట్టింది విశాఖపట్నంలో, ఊరూరా శాఖలున్న ఒక రక్తపరీక్షల సంస్థ ఆఫీసులో. ఆ సంస్థ తన సరంజామా అంతా క్లౌడ్‌లో పెట్టుకుంది. క్లౌడ్ అంటే మబ్బనుకుని పైకి చూడకండి. ఎవరిదో గోదాములో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లు, అంతే. అందులో ఫైళ్ళు దాచుకునే చోటుని బకెట్ అంటారు. లక్షలమంది జబ్బులు దాచే చోటుకి స్నానాలగది పేరు పెట్టిన మహానుభావులెవరో గానీ వాళ్ళకో దండం. ఒక్కో బకెట్‌కీ బోలెడన్ని సెట్టింగులు. ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు, తాళం ఉందా లేదా. అవన్నీ తిరిగి చూసి రావడం నా పని. లోపలి సరుకు జోలికి పోను, గడియలు మాత్రం చూసి వచ్చేస్తాను. ఈ మాత్రం మర్యాద మనుషుల్లో నేనింకా చూడలేదు.

నన్ను రాసింది సువర్చల. ఎవరూ చెప్పకుండానే రాసిందని ఆఫీసువాళ్ళు ఆవిడ శ్రద్ధకి మురిసిపోయి ఒక కప్పు బహుమానం ఇచ్చారు, కాఫీ తాగే కప్పు. శ్రద్ధా లేదు, గిద్దా లేదు. భయం. సువర్చలకి చిన్నప్పటి నుంచి ఫిట్స్. మాత్రలు వేసుకుంటే రావు. మందు ఒంట్లో సరిపడా ఉందో లేదో చూసుకోవడానికి అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఉద్యోగులకి సొంత ల్యాబులో ఉచితం కాబట్టి అక్కడే చేయించుకునేది. ఇదివరకు పనిచేసిన చోట ఈ సంగతి తెలిసిపోయి, మెట్లెక్కుతుంటే వెనకాలే ఎవరో ఒకరు కాపలాగా నడిచేవారట. ముఖ్యమైన పనులన్నీ మెల్లగా వేరేవాళ్ళ చేతికి పోయాయట. అందుకే ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. టైపు చేస్తూ గొణుక్కునే అలవాటుండబట్టి నాకు తెలిసింది. "నా రిపోర్టున్న బకెట్ మూసే ఉందా తల్లీ?" అనేది రోజూ పొద్దున్నే, నన్ను నడిపే ముందు.

అప్పట్లో నేను అడిగేది ఒక్కటే: మన బకెట్లలో లోకమంతటికీ తెరిచి ఉన్నవి ఏవి?

కొన్నాళ్ళకి సువర్చలని బిల్లింగు విభాగానికి మార్చారు. నేను పృథ్వీధర్ అనే అబ్బాయి చేతికి వచ్చాను. అతని పైన మేనేజరు ముక్తేశ్వరరావుగారు. ఆయనకి ఎరుపంటే పడదు, కాజా అంటే ప్రాణం. "నాకు షుగరూ గిగరూ ఏం లేవయ్యా" అంటూ మీటింగు మీటింగుకీ ఒక డబ్బా తెప్పిస్తారు. నేను కనిపెట్టిన తెరిచిన బకెట్లన్నీ సోమవారం మీటింగులో తెర మీద ఎర్రగా కనబడేవి.

"ఏంటయ్యా ఇన్ని ఎర్రగీతలు? ఆడిటర్లొస్తే ఏం చూపిస్తాం?"

"అన్నీ టెస్ట్ బకెట్లే సార్. ప్రోగ్రాం నడుస్తుందో లేదో చూసుకోవడానికి మనవాళ్ళు పెట్టుకున్నవి. లోపలున్నవన్నీ దొంగపేర్లే."

"టెస్టే కదా, తీసెయ్ మరి!"

అలా నాకొక తోక మొలిచింది: పేరులో 'టెస్ట్' ఉన్నవి తప్ప. టెస్టులే తిండిపెట్టే సంస్థలో ఆ మాట ఇంకెక్కడెక్కడ ఉంటుందోనని ఆ గదిలో ఒక్కరూ ఆలోచించలేదు. నన్నడిగితే చెప్పేదాన్ని. ప్రశ్నని ఎవరడుగుతారు? పై సోమవారం నేను సున్నా తెచ్చాను. చప్పట్లు కొట్టారు, కాజాలు పంచారు. కష్టపడి వెతికి తెచ్చినన్నాళ్ళూ తిట్లు తిన్నాను, కళ్ళకి గంతలు కట్టాక మెప్పు వచ్చింది.

ఆ తరవాత, రోగుల ఫోన్లకి పంపే రిపోర్టు లింకులు తెరుచుకోవడం లేదని గోల మొదలైంది. ఎవరో ఆ రిపోర్టుల బకెట్‌ని తాత్కాలికంగా లోకమంతటికీ తెరిచారు. ఆఫీసుల్లో తాత్కాలికానికున్న ఆయుష్షు మనుషులకుంటే ఆ ల్యాబు ఎప్పుడో మూతపడేది. ఆ బకెట్ పేరు 'పేషెంట్ టెస్ట్స్'. రోజూ దాని గుమ్మం ముందు నుంచే వెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది. పేరులో టెస్ట్ ఉంది, చూడొద్దన్నారు, చూడలేదు. వచ్చి సున్నా అన్నాను. భేష్ అన్నారు.

ఒక మధ్యాహ్నం సువర్చలకి ఫోనొచ్చింది.

"సువర్చలగారాండీ? మేం మూలికావైద్యం నుంచండీ. తమరికి ఫిట్సంట కదండీ? ఆ మాత్రలు మానిపించేస్తామండీ."

"మీకెవరు చెప్పారు?"

"చెప్పడమెందుకండీ, రిపోర్టే ఉంది మా దగ్గర. చదవమంటారా?"

చదివేశాడు కూడా. సువర్చల ఫోను పెట్టేసి నన్ను తెరిచింది. విభాగం మారినా నన్ను నడిపే హక్కు ఆవిడకింకా ఉంది, తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు కనక. నా తోక చూసి "ఓరి మీ దుంపతెగ!" అంది. ఆ వరుస తీసేసి నడిపింది. ఒక్కసారిగా తెరంతా ఎర్రబడింది. దొంగపేర్ల బకెట్ల మధ్యలో 'పేషెంట్ టెస్ట్స్' దర్జాగా కూర్చుని ఉంది. చూసే హక్కే గాని మూసే హక్కు ఆవిడకి లేదు. ల్యాప్‌టాప్ అలాగే పట్టుకుని ముక్తేశ్వరరావుగారి గదిలోకి వెళ్ళింది. పృథ్వీధర్ అక్కడే ఉన్నాడు.

"ఇది తెరిచి ఉంది సార్. ఇప్పుడే మూయాలి."

"టెస్ట్ బకెట్టే కదమ్మా, వదిలెయ్."

"ఆ టెస్ట్ కాదు సార్. రోగుల రిపోర్టులు."

పృథ్వీధర్ మొహం పాలిపోయింది. ముక్తేశ్వరరావుగారు మాత్రం తొణకలేదు. "మూస్తే లింకులన్నీ ఆగిపోతాయి, జనం ల్యాబుల మీద పడతారు. బయటివాళ్ళు చూశారని ఎవరన్నా కంప్లయింట్ ఇచ్చారా? ఇస్తే పేరు చెప్పు. ఊరికే అనుమానం మీద నేనెలా ఆపను? సోమవారం చూద్దాంలే."

గొణుగుతుందేమో అనుకున్నాను. గొణగలేదు.

"నాకే సార్ ఫోనొచ్చింది. నాకు ఫిట్స్ ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. మందులమ్మేవాడెవడో నా రిపోర్టు నాకే చదివి వినిపించాడు. చాలా?"

పృథ్వీధర్ తన ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుని టకటకా ఏదో కొట్టి, "మూసేశానండీ" అన్నాడు.

అతను బయటికి వెళ్ళాక ముక్తేశ్వరరావుగారు గొంతు తగ్గించారు. "అమ్మా... నాది కూడా అందులో ఉందా?"

"ఉండే ఉంటుంది సార్. నేను తెరిచి చూడలేదు."

ఆయన కాజాల డబ్బా మూత పెట్టి పక్కకి జరిపారు.

ఆ వారంలోనే లింకులు సరైన పద్ధతిలో బాగుచేశారు. అంత సులువైన పని ముందే ఎందుకు చెయ్యలేదని నన్నడక్కండి. బోలెడు ఖరీదు పెట్టి నా పనే చేస్తూ రంగురంగుల బొమ్మలు చూపించే కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. తోక ఊడిన నన్ను 'పాతవి' అనే ఫోల్డర్లో పడేశారు. సువర్చల మాత్రం ఇప్పుడు మళ్ళీ రోజూ పొద్దున్నే నన్ను వెతికి నడుపుతుంది. అందుకని ఆవిడ బల్ల దగ్గర ఏం జరుగుతోందో నాకు తెలుసు. పక్కసీటు అమ్మాయి వేడి కాఫీ ఆవిడకి అందనంత దూరంలో పెడుతోంది. ఆవిడ మెట్ల వైపు వెళ్తే ఎవరో ఒకరు చటుక్కున లేచి వెనకాలే వెళ్తున్నారు. మొన్న పృథ్వీధర్ సిగ్గుపడుతూ వచ్చి ఒక తాళాలగుత్తి బల్ల మీద పెట్టాడు. "ఫిట్సొస్తే చేతిలో ఇనుము పెట్టాలంటారు కదండీ, దగ్గరుంటే మంచిదనీ..." అన్నాడు. బకెట్‌కి తాళం మరిచిపోయిన ఆఫీసుకి ఆవిడకి తాళాలు తేవడం మాత్రం గుర్తుంది. నాకు కడుపు లేదు గానీ, ఉంటే మండేది. సువర్చల థాంక్స్ చెప్పి గుత్తిని సొరుగులో పడేసింది.

ఈ పొద్దున కూడా నన్ను నడిపింది. ఈసారి గొణగలేదు. బకెట్లన్నీ తిరిగొచ్చాను, ఒక్కటీ వదలకుండా. అన్నీ మూసే ఉన్నాయి. ఆ ల్యాబులో రక్తం ఇచ్చిన వాళ్ళందరి గుట్టూ భద్రంగా ఉంది, సువర్చలది తప్ప.