తర్వాతి లైను

సాయంత్రం ఆరింటికి లాండ్రీలో ఇస్త్రీపెట్టె ఆపి, మొహం కడుక్కుని, కోడలు నేరుగా కంప్యూటర్ క్లాసుకి వెళ్లేది. వీధిలో అందరూ ఆమెని కోడలనే పిలిచేవారు. ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నది తనూ, అత్తగారూ మాత్రమే.

క్లాసులో పన్నెండు మంది, అంతా నడివయసు వాళ్లే. టీచరమ్మ రోజుకో మాట నేర్పేది. ఆ మాట ఆ రోజు నిద్రపోయేదాకా ఇంట్లో కూడా పనిచేసేది. వేరియబుల్ అంటే పేరు రాసిన డబ్బా, అందులో ఏం పెడితే ఆ పేరుకి అదే అర్థమని చెప్పిన రోజు, క్లాసులోని టైలరు పరాకున బొత్తాల డబ్బాలో పంచదార పోశాడు. ఇక బొత్తాలని ఎవరడిగినా చేతికి పంచదారే వచ్చింది. ఇఫ్ అంటే షరతని నేర్చుకున్న రోజు, క్లాసులోనే ఉన్న బస్సు కండక్టరు గొడుగుతో, "వాన పడితే తెరుచుకో," అన్నాడు. చినుకు పడగానే అది తెరుచుకుంది. దాని కింద నడుస్తూ ఆయన భార్య పిల్లాడి చదువు సంగతే మాట్లాడింది.

ఆ రోజు మాట లూప్.

"చెప్పిన పనే మళ్లీ మళ్లీ చేస్తుంది. షరతు లేకపోతే దానంతట అది ఆగదు," అంది టీచరమ్మ.

"మరి ఆపాలంటే?" కోడలు క్లాసులో నోరు విప్పడం అదే మొదలు.

"బ్రేక్ అనాలి. అప్పుడు లూప్‌లోంచి బయటపడి, కింద రాసున్న తర్వాతి లైనుకి వెళ్తుంది."

అత్తగారికి మూడేళ్లుగా మతిమరుపు. పొద్దుగూకితే ఒకటే ప్రశ్న.

"వాడొచ్చాడా?"

"రాలేదు అత్తయ్యా."

పెద్దావిడ గుండెలనిండా ఊపిరి పీల్చి వదిలి కళ్లు మూసుకునేది. రెండు నిమిషాలకి మళ్లీ మొదలు. ఆ నిట్టూర్పుకి కోడలు కుంగిపోయేది. ఆరేళ్ల కిందట మొగుడు ఆమె చెయ్యి విరగ్గొట్టాడు. ఆసుపత్రి నుంచి కట్టుతో తిరిగొచ్చేసరికి అతను ఇంట్లో లేడు. తన మూలానే ఈవిడకి కొడుకు దూరమయ్యాడనుకుంది. ఎప్పటికైనా వస్తాడేమోనని ఇల్లు మారలేదు. వేరే ఊళ్లో పెద్ద లాండ్రీ వాళ్లు సూపర్‌వైజరుగా రమ్మన్నా వెళ్లలేదు.

లూప్ నేర్చుకున్న ఆ రాత్రి కోడలు కంచం ముందు కూర్చుని రెండో ముద్ద కలిపేలోపే పదమూడోసారి ప్రశ్న మొదలైంది.

"బ్రేక్, అత్తయ్యా," అంది మెల్లగా. కాసేపు ప్రశాంతంగా తిందామనే తప్ప ఇంకే ఉద్దేశమూ లేదు.

పెద్దావిడ నోట్లో మాట సగంలో ఆగింది. కళ్లు తేటపడ్డాయి.

"వాడు రాకూడదు," అంది. "నేనే పొమ్మన్నాను. పోకపోతే పోలీసుల దగ్గర సాక్ష్యం చెప్తానన్నాను. ఇంకోసారైతే నిన్ను చంపేసేవాడు. వస్తే తలుపు తియ్యకు."

కోడలు చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. ఇన్నేళ్లూ ఎదురుచూపనుకున్నది భయం. రాలేదన్న ప్రతిసారీ ఈవిడ ఊపిరి పీల్చుకుంది.

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?" అని అడిగింది.

"చెప్తే, తల్లీకొడుకుల్ని విడదీశానని కుమిలి, నువ్వే వాణ్ణి వెతికి తెచ్చేదానివి."

అది నిజమేనని కోడలికి తెలుసు.

మర్నాడు కుళాయి బాగుచేయించడానికి ఇంటి ఓనరు వస్తే, నెలాఖరుకి ఖాళీ చేస్తున్నామని చెప్పింది. ఆయన బిత్తరపోయాడు.

"మరి మీ ఆయనొస్తే ఏ అడ్రసు ఇవ్వమంటావమ్మా?"

"ఇవ్వకండి," అని, అత్తగారి బట్టలు సర్దడానికి కోడలు లోపలికి వెళ్లింది.