చలమయ్య ఇచ్చిన కొలత

గెలిచినవాడి నడక ఎలా ఉంటుందో చూడాలంటే ఆ ఉదయం ఏడు గంటలకు, బీచ్ రోడ్డు కింద ఇసుకను ఆనుకుని ఉన్న నడకదారిలో చలమయ్యను చూడాలి. ముందు వాకరు జరుగుతుంది, తర్వాత ఎడమ కాలు, ఆ తర్వాత ప్లేటూ స్క్రూలూ ఉన్న కుడి కాలు. ఒక్కో అడుగుకూ ఒక ఊపిరి. అయినా మనిషి తల ఎత్తే నడుస్తున్నాడు.

ఆరు నెలలు తిరిగి సాధించాడు మరి. స్టీల్‌ప్లాంటులో ముప్పై ఏళ్లు ఇనుము మధ్య పనిచేసి ఒంటి మీద గీత పడకుండా రిటైరైన మనిషిని ఇదే నడకదారిలో ఒక బైకు వెనక నుంచి గుద్ది పడేసింది. తుంటి విరిగింది. గుద్దినవాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. “మళ్లీ పడ్డారంటే ఇక మంచమే” అని డాక్టరు చెప్పిన మాట చలమయ్య ఎవరికీ చెప్పలేదు, భార్య ఈశ్వరికి కూడా. చెబితే గడప దాటనివ్వదు. కానీ అప్పట్నుంచీ ఎక్కడ హారను వినబడినా వేళ్లు వాకరును బిగించేసేవి, మెడ వెనక చెమట పట్టేది. వాకరుతోనే మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కాడు, నడకదారిలోకి బైకులు దిగకుండా అడ్డు కట్టమని అర్జీ మీద అర్జీ పెట్టాడు. చివరికి వాళ్లు విసిగిపోయి, “అసలు ఏం కట్టమంటారో మీరే చెప్పండి సార్” అన్నారు.

ఫ్యాబ్రికేషన్ షాపులో ఫిట్టరుగా పనిచేసినవాడితో అనాల్సిన మాట కాదది. మర్నాడే టేపు పట్టుకుని దిగాడు. నడకదారిలోకి చక్రం దిగే వాలు ఒక్కటే ఉంది, అటు చివర తొమ్మిది మెట్లు. ఆ వాలు అడుగున ఎడమ గోడ నుంచి ఒక ఇనప కంచె, కాస్త లోపలగా కుడి గోడ నుంచి ఇంకొకటి, ఒకదాని కొస ఇంకోదాన్ని దాటేలా వెయ్యాలి. వచ్చేవాడు రెండింటి మధ్యకు దూరి, మలుపు తిరిగి లోపలికి రావాలి. మనిషి తిరుగుతాడు, బైకు తిరగలేదు. మధ్యలో ఎంత ఖాళీ ఉండాలో తన వాకరుతో తానే తిరిగి చూసుకుని, సుద్దముక్కతో గీసి, కాగితం మీదికెక్కించి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కొలత ఒక్క అంగుళం కూడా మార్చొద్దని రెండుసార్లు చెప్పి మరీ వచ్చాడు.

మొదటి కంచె నిన్న సాయంత్రం వేశారు. రెండోది ఈ ఉదయం అతను లోపల నడుస్తుండగా మేస్త్రి సింహాద్రి, ఇద్దరు కూలీలూ కలిసి గోతుల్లో దింపి కాంక్రీటు పోశారు.

చలమయ్య వాకరుతో మధ్యకు దూరాడు, తిరిగాడు, బయటకొచ్చాడు. మళ్లీ లోపలికి వచ్చాడు. ఎక్కడా తగల్లేదు. అంతలో ఎవడో బైకు మీద వాలు దిగి, ముందు చక్రం మలుపులో ఇరికించుకుని, గొణుక్కుంటూ బండిని వెనక్కి తోసుకుపోయాడు. చలమయ్యకు గట్టిగా నవ్వాలనిపించింది. నవ్వాడు కూడా.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే కాంతం ఇంటికి బయల్దేరి లోపలి నుంచి వచ్చింది.

కాంతం జాలారిపేట మనిషి. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. చేతులతో నడిపే మూడు చక్రాల బండికి స్టీలు క్యాను కట్టుకుని రోజూ పొద్దున్నే ఈ వాలు దిగి వస్తుంది, నడకకొచ్చేవాళ్లకు రాగిజావ అమ్ముతుంది. పైన రోడ్డు మీద ఆగితే పోలీసులు అక్కణ్నుంచి లేపేస్తారు. ఈ దారే ఆమె కొట్టు. చలమయ్య జావ తాగేది ఆమె దగ్గరే. ఆమెకు అతను స్టీల్‌ప్లాంటు బాబు. పేరు ఆమె ఎన్నడూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

కాంతం ముందు చక్రాన్ని మలుపులోకి తిప్పింది. వెనక చక్రం గోడకు తగిలి ఆగింది. వెనక్కి లాగి, ఏటవాలుగా మళ్లీ తోసింది. ఈసారి క్యాను కంచెకు కొట్టుకుని ఖంగుమంది.

“ఇదేటిరా సింహాద్రీ? పొద్దున్న నానొచ్చినప్పుడు ఒకటే ఉన్నాది గదా!”

“రెండోది ఇప్పుడే దింపేం అప్పా.”

“మరి నానెలాగెల్తాను బయటికి?”

సింహాద్రి బండిని చూశాడు, కంచెను చూశాడు. “నీ బండి తిరగదప్పా” అన్నాడు మెల్లగా.

“అదెంతపని, ఎత్తీసి అటేపు పెట్టీమూ?” అంటూ ఒక కూలీ ముందుకొచ్చాడు.

“ముట్టుకోకు!” కాంతం రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుంది. “ఇయ్యాల ఎత్తుతారు. రేపు పొద్దున్న నన్ను లోపలికెత్తడానికి నువ్వొత్తావేటి? ఎల్లుండొత్తావేటి? పదకొండేళ్లుగా నా అంతట నాను దిగుతన్నాను, నా అంతట నాను ఎక్కుతన్నాను. మూటలాగ ఎత్తించుకోడానికైతే ఈ బండెందుకురా నాకు?”

కూలీ వెనక్కి తగ్గాడు. చలమయ్య మొహం మీద నవ్వు ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు. ఆ సుద్దగీతలు గీసిన రోజున కాంతం ఇక్కడికి పాతికడుగుల దూరంలోనే ఉంది. కొలిచాక వెళ్లి ఆమె చేతి జావే తాగాడు. ఆ బండి కళ్లెదుటే ఉంది, చేతిలో టేపూ ఉంది. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

“పీకీరా మరి. ఇంకా పచ్చిగానే ఉన్నాది గదా” అంది కాంతం.

“పచ్చిగానే ఉన్నాది. ఇంకో గంటైతే సమ్మెట్లు గావాల. కాని నా ఇష్టమేటప్పా? సూపర్‌వైజరు బాబుకి ఫోన్ సేత్తానుండు.”

స్పీకర్లో సూపర్‌వైజరు గురునాథరావు గొంతు విసుగ్గా పలికింది. “ముట్టుకోవద్దు. ఆ కొలతలు మావి కావు. అర్జీ పెట్టినాయనే గీసి సంతకం పెట్టాడు. మార్చమని ఆయన రాసిస్తే మారుస్తాం. లేకపోతే రేపు ఇంకెవర్నైనా బైకు గుద్దితే నా మెడకు చుట్టుకుంటుంది.”

“ఆయనెవులు బాబూ?”

“ఎవరో చలమయ్య అట. నంబరుంది, లైన్లో ఉండు, ఇంకో ఫోన్లోంచి చేస్తాను.”

చలమయ్య చొక్కా జేబులో ఫోను వణికింది. మోగదు, వణుకుతుంది, అంతే. కెరటాల హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు. జేబు మీద అరచెయ్యి అదిమి పెట్టి అతను సముద్రం వైపు చూశాడు. అది వణికి వణికి ఆగిపోయింది.

“ఎత్తడం లేదు” అన్నాడు గురునాథరావు, పెట్టేశాడు.

“ఎవడో ఆడు!” కాంతం పళ్లు కొరికింది. “ఒక్కసారి ఇక్కడికొచ్చి సూసుంటే ఇలాగ గీస్తాడా? ఏసీలో కూకుని గీసుంటాడు.”

చలమయ్య మలుపు వైపు చూశాడు. అతని వాకరు ఈ మలుపులో హాయిగా తిరుగుతుంది. పది అడుగులు వేస్తే బయటపడతాడు, ఎవరూ ఆపరు, ఎవరికీ తెలియదు. గంట గడిస్తే కాంక్రీటే మిగతా పని చేస్తుంది. ఈ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మంచం గుర్తొచ్చింది. ఒంటికీ రెంటికీ ఈశ్వరిని పిలవాల్సిన మంచం.

“మేస్త్రీ, కొంచెం జరిపి... ఈ బండి పట్టేలా, బైకు పట్టకుండా కుదరదా?”

“కుదరదు బాబూ. ఆ బండి తిరిగిన సోట బైకు సుబ్బరంగా తిరుగుద్ది. కాస్త నెమ్మదిగా తిరుగుద్ది, అంతే.”

సింహాద్రి వంగి బొటనవేలితో కాంక్రీటును నొక్కాడు. వేలు ఇందాకటంత లోతుకు దిగలేదు. అది అందరూ చూశారు.

కాంతం బండిని చలమయ్య వైపు తిప్పింది. “బాబూ, నువ్వు సదువుకున్నోడివి. ఆ సలమయ్య మీద ఒక కాగితం రాసిపెట్టు. ఫొటో తీసి ఆఫీసుకి పంపుతాడు మా సింహాద్రి. గట్టిగా రాయాల, ఆడికి సిగ్గొచ్చీలాగ రాయాల.”

సింహాద్రి హాజరు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చాడు. పెన్ను చలమయ్య జేబులోనే ఉంది, ఆ ఫోను పక్కనే. కాగితాన్ని జావ క్యాను మూత మీద పరిచాడు. మూత ఇంకా వెచ్చగా ఉంది. పెన్ను పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. పైన రోడ్డు మీద ఏదో హారను మోగింది, చేయి ఆగిపోయింది.

“బేగి కానీయండి బాబూ, బిగుసుకుంటన్నాది” అన్నాడు సింహాద్రి.

చలమయ్య రాశాడు. నాలుగు వరుసలు రాసి, కింద సంతకం పెట్టాడు.

“ఏటి రాసేవో సదువు, ఇంటాను” అంది కాంతం.

అతను కాగితం ఎత్తి పట్టుకున్నాడు. “‘ఈ కంచెల కొలతలు ఇచ్చింది నేను. నా వాకరుతో మాత్రమే కొలిచాను. చేతితో నడిపే బండి తిరిగేలా రెండో కంచెను వెంటనే వెనక్కి జరపవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, చలమయ్య.’”

కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సింహాద్రి కాగితం అందుకుని ఫొటో తీసి పంపాడు. అతను అటు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నంతసేపూ కాంతం చలమయ్యనే చూస్తూ ఉంది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

“రోజూ నా సేతి గ్లాసే పుచ్చుకుంటావు గదా” అంది. “కొలిసినప్పుడు నాను గుర్తు రానేదా బాబూ?”

అబద్ధం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. “రాలేదు” అన్నాడు చలమయ్య.

ఆఫీసు నుంచి సరేనన్న మాట వచ్చింది. ముగ్గురూ కంచె మీద పడ్డారు. మొదటి గొట్టం తేలిగ్గానే లేచింది. రెండోది కదల్లేదు. కూలీ గునపం దూర్చాడు, ఇంకొకడు కంచెకు భుజం ఆనించి తోశాడు, సింహాద్రి బూతులు తిడుతూ ఊపాడు. గొట్టం చుట్టూ కాంక్రీటు పగులు విచ్చింది. చలమయ్య వాకరు మీద వేళ్లు తెల్లబడేలా బిగించి ఆ పగులునే చూస్తున్నాడు. గొట్టం రావాలో వద్దో అప్పటికీ అతని లోపల ఇద్దరు కొట్టుకుంటూనే ఉన్నారు. గొట్టం ఊడి వచ్చింది.

కంచెను నాలుగడుగులు వెనక్కి మోసుకెళ్లి, అక్కడ నిలబెట్టి పట్టుకుని, కొత్త గోతులకు గుర్తు పెట్టారు. కాంతం బండి మలుపులోకి దూరింది, తిరిగింది, ఎక్కడా తగలకుండా బయటపడింది. చేతులు గబగబా తిప్పుతూ వాలు ఎక్కింది, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పైదాకా వెళ్లి ఆగి, మెడ తిప్పి కిందికి చూసింది.

“రేపు నానొత్తాను” అంది. “నువ్వొత్తావా?”

ఆమె పక్క నుంచే ఒక బైకు వాలు దిగింది. ఖాళీలో వేగం తగ్గించి, ఒక కాలు నేల మీద పెట్టి, సులువుగా తిరిగి లోపలికొచ్చింది. చలమయ్య వాకరును గోడకు చేర్చి, వీపు గోడకు ఆనించి నిలబడ్డాడు. హ్యాండిల్ అతని మోచేతికి జానెడు దూరంలో దాటిపోయింది.

కాంతం ఇంకా అక్కడే ఉంది.

“వస్తాను” అన్నాడు చలమయ్య. ఆ మాట కెరటాల హోరులో కలిసిపోయింది. ఆమెకు వినబడేలా ఇంకోసారి అన్నాడు.