మూడు చక్రాల పెళ్లిబండి

నైలు కాలువ పక్కన ఉన్న ట్రాఫిక్ ఠాణాలో షాఫీకి కాలు నిలవడం లేదు. పొద్దు వాలిపోతోంది. అవతల వీధి బ్యూటీ పార్లర్‌లో కూతురు నగ్లా పెళ్లిబట్టలతో ముస్తాబై కూర్చుంది. నవదంపతుల్ని తన మూడు చక్రాల టుక్‌టుక్‌లోనే ఊరేగిస్తానని షాఫీ ఊరంతా డప్పు కొట్టుకున్నాడు. తీరా ఈ పొద్దున వంతెన మీద పోలీసులు ఆ బండిని పట్టుకుని, పూలదండలతో సహా ఆవరణలో పడేశారు. వేరే బండి మాట్లాడదామంటే చస్తే ఒప్పుకోడు.

తగువంతా ఒక్క మాట దగ్గరే. అది కారైతే షాఫీకి లైసెన్సు లేదు, మోటారు సైకిలైతే ఉంది. చట్టం రాసిన పెద్దలకు రెండు చక్రాలు, నాలుగు చక్రాలే తెలుసు గానీ మూడు లెక్క రాదు కాబోలు, ఠాణాకో తీర్పు నడుస్తోంది.

పైన కప్పు, వెనక సీటు ఉన్నాక కారు కాక మరేమిటన్నాడు కెప్టెన్ ఇహాబ్, టీ చప్పరిస్తూ. స్టీరింగేదీ, తలుపులేవీ అని షాఫీ గదంతా తిరుగుతూ వాదించాడు. పక్కన కాబోయే అల్లుడు గమాల్, మామ నోటికి ఎక్కడ బ్రేకు పడదోనని కొత్త సూటులో చెమటలు కక్కుతున్నాడు.

"దొరా, ఇది కారని మీరే వచ్చి మా ఆవిడకు చెప్పండి," అన్నాడు షాఫీ. "కారున్నోణ్ణి చేసుకునుంటే బాగుండేదని ఇరవయ్యేళ్లుగా నన్ను పొడుస్తోంది."

కెప్టెన్‌కు నవ్వాగలేదు. మోటారు సైకిలనే రాసి తాళం ఇచ్చాడు. షాఫీ గడప దాటుతుంటే వెనక్కి పిలిచాడు.

"మోటారు సైకిలన్నావుగా. వెనక ఒక్కరే కూర్చోవాలి. ఇద్దరెక్కితే మళ్లీ ఇక్కడికే వస్తుంది."

షాఫీ తాళం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. తన నోరే తన కొంప ముంచింది. గమాల్‌ని వెనక ఎక్కించుకుని వెళ్లి పార్లర్ ముందు బండి ఆపి, కూతురి వంకా అల్లుడి వంకా బిక్కమొహంతో చూశాడు.

"నువ్వే తీసుకెళ్లు మామా," అన్నాడు గమాల్. "నేను డప్పులోళ్లతో నడిచొస్తాలే."

నగ్లా గౌను సర్దుకుని ఎక్కిందో లేదో, షాఫీ బండిని లగెత్తించాడు.

"నాన్నా, మెల్లగా పోనీ."

"అందరూ ఎదురుచూస్తున్నారే."

"చూడనీ. రేపటి నుంచి ఈ బండెక్కితే చుట్టంగానేగా."

పొద్దుటి నుంచీ ఉరుకులు పెట్టిన షాఫీ గేరు తగ్గించి, కాలువ గట్టు మీది చుట్టుదారికి బండి తిప్పాడు.