ఎవరిదో గొంతు

బట్టలు పిండేటప్పుడు వాషింగ్ మెషీన్ ఢబ్ ఢబ్‌మని కొట్టుకుంటుంది. బాగు చేయిద్దామంటే మొగుడు ఒప్పుకోడు. "ఆ చప్పుడు ఇంకో రెండు మ్యూజిక్ ట్రాకులకి పనికొస్తుందే, ఉండనీ" అంటాడు. ఆమె ఉండనిచ్చింది. సగం పిండిన బట్టలు మళ్ళీ చేత్తో పిండుకునేది ఆయన కాదు కదా.

క్లబ్బుల్లో అందరూ ఆయన్ని తుఫాను అంటారు. ఒక నెల హౌస్, ఇంకో నెల టెక్నో, మధ్యలో డ్రమ్ అండ్ బేస్. ఒక్క మనిషి ఇన్ని రకాల డాన్స్ మ్యూజిక్ ఎలా చేస్తున్నాడా అని జనం ముక్కున వేలేసుకుంటారు. ఒక్క మనిషే చేస్తోంది, ఆ మాట నిజమే. సామాన్ల గదిలో, మెషీన్ పక్కన, పాత లాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవి అత్తగారి పిలుపు కోసం వదిలి మరీ చేస్తోంది. పెద్ద స్పీకర్లున్న ముందు గది ఆయన ఫొటోలకీ, స్నేహితులకీ. "నీకు నలుగురిలోకి రావడం ఇష్టం ఉండదుగా" అన్నాడు పెళ్ళైన కొత్తలో. ఇష్టం లేదని తను ఎప్పుడు చెప్పిందో ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాదు. "నీ పేరేమిటి, నా పేరేమిటి, ఇద్దరం ఒకటే కదా" అని కూడా అన్నాడు. ఒకటే అయితే తన పేరే పెట్టొచ్చుగా అని అప్పట్లో తోచలేదు. తోచాక అడగడానికి నోరు రాలేదు.

ఈ ఒక్క ట్రాకు మాత్రం వేరు. ఎవరూ అడక్కుండా తనకోసం చేసుకుంది. నిదానంగా నడిచే బీటు, దాని మీద తన కూనిరాగం. బట్టలు ఆరేస్తూ తీసే రాగాన్నే ఫోన్‌లో రికార్డు చేసి, ముక్కలు కోసి పేర్చుకుంది. విన్నరోజు మొగుడు మళ్ళీ మొదటి నుంచి పెట్టించుకుని విన్నాడు. తర్వాత ఆమె తల మీద చెయ్యి వేసి, "ఇది నీ పేరు మీదే వేద్దాం" అన్నాడు. పిచ్చిది, నమ్మింది. గిన్నెలు తోముతున్నంతసేపూ ఒకటే ఆలోచన, ఇంటిపేరు పుట్టింటిది పెట్టాలా, అత్తింటిది పెట్టాలా అని.

ఇవాళ రికార్డు కంపెనీ మనిషి ఇంటికి వచ్చాడు. ఆమె టీ పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళేసరికి తన ట్రాకే మోగుతోంది. అంత పెద్ద స్పీకర్లలో తన గొంతు వినడం అదే మొదటిసారి.

"బీటు సరేనయ్యా, ఈ గొంతు ప్రాణం తీసేస్తోంది. ఎవరిది?" అన్నాడు కంపెనీ మనిషి.

మొగుడు ఆమె వైపు చూశాడు. చూడలేదని అబద్ధం చెప్పకూడదు. ఆమె ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. ఒక్క మాట, అంతే కావాలి ఆమెకి.

"ఎవరిదోనండి. శాంపిల్ ప్యాక్‌లో దొరికింది."

శాంపిల్ ప్యాక్ అంటే ఊరూపేరూ లేని గొంతుల్నీ చప్పుళ్ళనీ మూటకట్టి అమ్మే సరుకు. ఎవరైనా కొనుక్కోవచ్చు.

"రేపు ఆ మనిషి వచ్చి ఇది నా గొంతని పేచీ పెడితే?"

"పెట్టదు" అన్నాడు మొగుడు, కప్పు అందుకుంటూ. "హక్కులన్నీ మనవే."

కంపెనీ మనిషి తృప్తిగా తలూపి కాగితాలు బయటికి తీశాడు. "టీ బాగుందమ్మా" అన్నాడు ఆమెతో. ఆమె నవ్వింది కూడా. ఒక్క చుక్క ఒలకకుండా రెండో కప్పు అందించిన తన చేతుల్ని చూసి తనకే అసహ్యం వేసింది.

అతను వెళ్ళిపోయాక మొగుడు సామాన్ల గది గుమ్మంలోకి వచ్చి, "ఆయనకి నిజం చెప్తే లేనిపోని తంటా. తర్వాత చూద్దాంలే" అన్నాడు. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ రాదని ఆమెకి తెలుసు. మెషీన్ ఆగింది. బట్టలు తీసి, నీళ్ళు కారేలా మరోసారి పిండి, బాల్కనీలో ఆరేయడం మొదలుపెట్టింది.

అక్కడే కుర్చీలో కునుకు తీస్తున్న అత్తగారు కళ్ళు తెరిచింది. "ఏమ్మా, ఇవాళ రాగం లేదేం? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది అత్తయ్యా" అంది ఆమె, మొగుడి చొక్కా దులిపి తీగ మీద వేస్తూ. "ఆ గొంతు ఇప్పుడు కంపెనీవాళ్ళది. మనం ఊరికే వాడుకోకూడదు."