డాక్టరు చెప్పని మాట

నేను ఐదు నవలలు రాశాను. మా అమ్మ ఒక్కటీ చదవలేదు. నేను రాసేది మేం వలస వచ్చిన ఈ దేశపు భాషలో. అందులో ఆవిడకి కూరగాయల బేరమూ బస్సు నంబర్లూ వచ్చు, అంతే. అయినా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ చేతిలో నా పుస్తకం పెట్టి, "బరువు చూడండి, ఊరికే రాసిందా?" అంటుంది. విమర్శకులు కొందరు అంతకంటే ఎక్కువేం చదవరు లెండి.

ఐదోదాంతోనే ఇరుక్కున్నాను. అందులో నా పదేళ్ళప్పటి తప్పు రాశాను.

వలస వచ్చిన ఇళ్ళలో భాష ముందు పట్టుబడ్డవాళ్ళదే పెత్తనం. కరెంటాఫీసులో, బ్యాంకులో, ఆసుపత్రిలో అమ్మానాన్నల నోరు నేనే. ఆ రోజు డాక్టరు చావు కబురు చల్లగా చెప్పాడు: నాన్నకి మూడు నెలలే, అయినవాళ్ళని చూడాలనుంటే ఇప్పుడే వెళ్ళాలి. అమ్మ నా ముఖంలోకే చూస్తోంది.

"మందులు వాడితే తగ్గిపోతుందట," అన్నాను.

నాన్న నా వీపు తట్టాడు. సోమవారం మళ్ళీ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్ళాడు. పదకొండో వారంలో పోయాడు.

నవలకి బహుమతి వచ్చింది. ఎంత నిజాయితీ అని మెచ్చుకున్నారు. నాకు సిగ్గేసింది. చెప్పాల్సిన ఒక్క మనిషికి తప్ప లోకమంతటికీ చెప్పాను.

అమ్మ పనిచేసే కుట్టుషాపు ఓనరు అది చదివి, "ఇందులో మీ ఆయన ఉన్నాడు," అని ఆవిడ చెవిన వేసింది. ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఒక ప్యాంటు అంచు మడిచి కుడుతూ నా ఎదురుగా కూర్చుంది.

"ఎప్పట్లా పైపైన చెప్పడం కాదు. ఉన్నదున్నట్టు చదువు."

ఒక్కో వాక్యం మన భాషలోకి మార్చి చెబుతూ వచ్చాను. ఆసుపత్రి పేజీ వచ్చింది. రెండు కాగితాలు కలిపి తిప్పేస్తే ఆవిడకేం తెలుస్తుంది? అయినా తిప్పలేదు, చదివాను.

సూది ఆగింది.

"మూడు నెలలన్నాడా?"

"అన్నాడమ్మా."

"పదేళ్ళదానివి," అంది. అమ్మయ్య అనుకున్నాను.

"మీ నాయనమ్మని చూసొస్తానని మీ నాన్న రోజూ అడిగారే. తగ్గాక వెళ్దాం లెండి అని నేనే ఆపాను."

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ఓదార్చలేదు.

"నేనాపిన సంగతి పుస్తకంలో ఉందా?"

"లేదు. నాకు తెలీదుగా."

"రాయి. ఈసారైనా చెప్పింది చెప్పినట్టు రాయి."