చివరి ఫారంలో ఖాళీ

మా చిన్నమ్మాయి రాసిన నవల అచ్చయి వచ్చిన కొత్తలో దాన్ని మెచ్చుకున్నవాళ్లకంటే వెనక్కి తెచ్చినవాళ్లే ఎక్కువ. తెచ్చినవాళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు. చివర కాగితాలు లేవని.

ఆ ఫిర్యాదు నవల రాసినదానికి కాదు, మా ఆయనకి వచ్చేది. ఆయన బైండరు. ఇంటి ముందుగదే షాపు. కూతురి పుస్తకం ఇంకొకరి చేతిలో పెట్టేది లేదని పట్టుబట్టి ప్రతి కాపీ తనే కుట్టుకున్నారు.

మొదట వచ్చింది వీధి చివరి టైలరమ్మ. పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, "బాబాయ్‌గారూ, నేను చొక్కాకి ఒక చెయ్యి కుట్టకుండా ఇచ్చేస్తే మీరు ఊరుకుంటారా?" అని అడిగింది. ఆయన పేజీల అంకెలు వరసగా చూసి, అన్నీ ఉన్నాయన్నారు. ఆమె చివరి కాగితాన్ని వెనక్కి వంచి వెన్ను దగ్గర వేలు పెట్టి చూపించింది. అక్కడ గోరు వెడల్పున కోసిన కాగితాల అంచులు కనిపిస్తున్నాయి.

అవి ఆయన కోసినవే. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చేసి మడిస్తే దాన్ని ఫారం అంటారు. చిన్నదాని కథ చివరి ఫారం మధ్యలోనే అయిపోయింది. మిగిలినవి ఖాళీ కాగితాలు. పుస్తకంలో ఖాళీ కాగితం మా ఆయన కంటికి చొక్కాకి వేలాడే దారంలా కనిపిస్తుంది, కోసేసేదాకా తోచదు. మొదలంటా కోస్తే కుట్టు వదులవుతుంది కాబట్టి కొంచెం అంచు ఉంచి కోస్తారు. ఇన్నేళ్లుగా అలాగే చేస్తున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. మిగతా పుస్తకాలు చదివినవాళ్లకి అవి అయిపోయాయని తెలిసేది. ఇది అయిపోలేదు.

నవలలో పిల్ల బడికి వెళ్లే వయసులో మనకి పరిచయమై, కాలేజీకి బయల్దేరే రోజున మనల్ని వదిలేస్తుంది. తల్లితో పోట్లాటలు, లెక్కల పరీక్ష తప్పడం, మొదటిసారి ఒంటరిగా ఊరు దాటడం, అన్నీ ఉన్నాయి. మేడమీద అద్దెకుండేవాళ్లలో ఒక అబ్బాయీ ఉన్నాడు. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పుకోరు గానీ చదివేవాళ్లకి మాత్రం చెమటలు పట్టిస్తారు. చివర్లో అతను బస్సు దాకా వచ్చి ఆమె సంచిని కిటికీలోంచి అందిస్తాడు. అందిందా అంటాడు. అందిందంటుంది. బస్సు కదులుతుంది. అంతే.

ఆ అంతే ఎవరికీ మింగుడుపడలేదు. ఆ కుర్రాడికి నోట్లో నాలుక లేదా అని మా ఆడపడుచు ఫోన్ చేసి నన్ను నిలదీసింది, వాణ్ని నేనేదో కన్నట్టు. అలాంటి నోరులేనివాడితో కాపురం కన్నా ఆ బస్సే నయమంది పక్కింటి నర్సు. ఆడపడుచూ నర్సూ ఒకసారి మా ఇంట్లోనే ఎదురుపడ్డారు. మాటా మాటా పెరిగి, నేనిచ్చిన టీ తాగకుండా చల్లారబెట్టి, చెరో గుమ్మంలోంచీ వెళ్లిపోయారు. ఆ కప్పులు కడుగుతూ ఎంత మురిసిపోయానో నాకే తెలుసు. లేని మనుషుల కోసం ఉన్న మనుషులు కొట్టుకుంటున్నారంటే మా చిన్నది ఏదో సాధించినట్టే కదా. నేను డిగ్రీలో సాహిత్యం చదివినదాన్ని. వాక్యంలో ఒక మాట ఎక్కువైతే పంటికింద రాయి తగిలినట్టుంటుంది. దాని రాతప్రతి చదువుతున్నంతసేపూ చేతిలో కలం పట్టుకునే కూర్చున్నాను గానీ దానికి పెద్దగా పని పడలేదు.

తీరిగ్గా గర్వపడే వీలు లేకుండా ఇంకో మాట పుట్టింది. ఆ కథ మా చిన్నదాని సొంత కథేనట. చివర అంతా విప్పి రాసేసిందట. పరువు పోతుందని తండ్రే ఆ కాగితాలు కోసేశాడట. వెన్నులో ఉన్న అంచులే సాక్ష్యం. మా మేడమీద మొదట్నుంచీ అద్దెకుంటున్నది రిటైరైన డ్రైవరుగారూ ఆయన భార్యానే. కానీ ఆ సంగతి ఎవరికి కావాలి?

దాంతో షాపుకి వచ్చేవాళ్ల చూపు మారింది. ఏళ్ల తరబడి పుస్తకాలు పంపే కాలేజీ లైబ్రరీవాళ్లు, ఈసారి పేజీలు ఒక్కొక్కటీ చూసుకుని తీసుకుంటామని కబురు పెట్టారు. ఆ పూట ఆయన కంచం ముందు కూర్చుని లేచిపోయారు. ఆ చేతిలోంచి కాగితం తప్పిపోయిందని అప్పటిదాకా అన్నవాడు లేడు.

సరిగ్గా అప్పుడే పబ్లిషరుగారు వచ్చారు. పుస్తకాలన్నీ అమ్ముడుపోయాయి, రెండోసారి అచ్చు వేస్తామన్నారు. ఒక ఉపాయం కూడా చెప్పారు. చివరి ఫారంలో ఖాళీ ఉండనే ఉంది. అమ్మాయి ఆ ఇద్దర్నీ కలుపుతూ నాలుగు పేజీలు రాసేస్తే చదివేవాళ్ల గోల తీరుతుంది, బైండింగు మీద పడ్డ మాటా పోతుంది.

మామూలుగా అయితే మా చిన్నది ఒక్క కామా కోసం నాతో పూటంతా వాదించే రకం. ఆ రోజు తండ్రి మొహం చూసి సరేనంది. వంటింట్లోకి వచ్చినప్పుడు, నిజంగా రాయాలనే ఉందా అని అడిగాను.

"నాన్న చేతిపని మీద మాట పడుతోంది కదమ్మా. నాలుగు పేజీలు రాస్తే నా సొమ్మేం పోతుంది?" అంది, నా వైపు చూడకుండా.

రాసింది. ఏళ్లు గడిచాక అతను ఆమె ఆఫీసు వెతుక్కుంటూ వస్తాడు. వాన మొదలవుతుంది. గొడుగు ఒకటే ఉంటుంది. చదివాను. ఎక్కడా తప్పు లేదు, దానికి పట్టిన జబ్బే అది. మా చిన్నది రాసినట్టు లేదు, ఎవరో బుద్ధిమంతురాలు చెప్పిన పని చెప్పినట్టు చేసుకొచ్చినట్టుంది. నోటిదాకా వచ్చింది గానీ అనలేకపోయాను. ఒక పక్క కూతురి కథ, ఒక పక్క మొగుడి పేరు. నేనేమని అడ్డుపడను?

మా ఆయన తను కుట్టే పుస్తకాలు చదవరు. చదవడం మొదలుపెడితే కుట్టడం ఆగిపోతుందంటారు. కూతురి నవలకి అట్ట వేసి, వచ్చినవాళ్లందరికీ చూపించారు తప్ప లోపలేముందో చూడలేదు. ఇప్పుడు కొత్త పేజీలు ఎక్కడ అతుకుతాయో తెలియాలని చివరి పేజీ చదివారు. సంచి అందించిన ఈ కుర్రాడెవడో అర్థంకాక కొన్ని పేజీలు వెనక్కి వెళ్లారు. అదీ చాలక మొదటికొచ్చారు.

ఇక మధ్యాహ్నాలు షాపులో చప్పుడు లేదు. జిగురు గిన్నెలోనే గడ్డకట్టింది. తల్లీకూతుళ్లు పోట్లాడుకునే అధ్యాయం దగ్గర కాబోలు, ఒకసారి తలెత్తి నావైపు అదోలా చూశారు. ఏమీ అడగలేదు. ఆ తల్లిని నేను కాదని నేనూ చెప్పలేదు.

పుస్తకం అయిపోయేసరికి నేను గుమ్మం దగ్గర కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. ఆయన చివరి కాగితం తిప్పారు. అట్ట వచ్చింది. మళ్లీ వెనక్కి తిప్పి, ఆ కాగితాన్ని వంచి, వెన్నులోకి వేలు పోనిచ్చి అంచుల్ని తడిమారు. అంతటితో ఊరుకోకుండా పుస్తకాన్ని తలకిందులు చేసి కాస్త దులిపారు. అక్కడ ఏమీ లేదని ఈ లోకంలో ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

నేను చూస్తున్నానని తెలిసి ఒక్క క్షణం మొహం దాచుకోబోయారు. తరవాత నవ్వొచ్చింది. కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు.

"నాచేత కూడా వెతికించింది చూశావా, ఇది" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతులో అంత గర్వం నేను విన్నది లేదు.

సాయంత్రం చిన్నది ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే కొత్త పేజీలు దాని చేతిలో పెట్టారు.

"ఇవి నేను కుట్టనమ్మా."

బాగా రాలేదా అని అడిగింది. బాగానే వచ్చాయన్నారు. మరి జనం మిమ్మల్ని అంటున్నారు కదా నాన్నా అంది.

"అంటే అననీ. నేను కోసింది ఖాళీ కాగితాల్నే గానీ నీ కథని కాదు. ఆ మాట నేను చెప్పుకోలేనా? నేనేమన్నా ఆ మేడమీది వాడినా, నోరు పెగలకపోవడానికి?"

చిన్నది నవ్వబోయి ఏడ్చేసింది. పేజీలు మాత్రం గట్టిగా పట్టుకుని గబుక్కున లోపలికి పోయింది, ఎక్కడ మనసు మార్చుకుంటారో అన్నట్టు.

పబ్లిషరుగారికి ఆయనే కబురు చేశారు. ఆ నాలుగు పేజీలు కావాలంటే ముందు అమ్మాయిని ఒప్పించుకోమనీ, ఒప్పుకున్నా బైండింగు ఇంకోచోట చూసుకోమనీ. పబ్లిషరుగారు ఆఖరికి ఉన్నది ఉన్నట్టే వేయించారు. ఈసారి మా ఆయన కత్తి ముట్టుకోలేదు. ఖాళీ కాగితాలు ఖాళీగానే ఉన్నాయి. లైబ్రరీవాళ్లు వచ్చినప్పుడు తనే దగ్గర నిలబడి ప్రతి కాగితం తిప్పి చూపించారు. మా అమ్మాయి రాసిందింతే, ఇంతకంటే రాయదు అని చెబుతుంటే వింటున్నాను, షాపు బోర్డు మీద తన పేరు రాయించుకున్న రోజున కూడా ఆయన అంత నిటారుగా నిలబడలేదు. జనం నోరు మూతపడిందని కాదు. కాగితాలు కోసేశారనడం మానేసి, చివర అచ్చు పడలేదని ప్రెస్సువాళ్ల మీద పడుతున్నారు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆయన ఇక ఉండబట్టలేకపోయారు.

"ఎవరికీ చెప్పనులే. ఇంతకీ వాడు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాడా, లేదా?"

చిన్నది ముద్ద కలుపుతూ నిజంగానే ఆలోచించింది. "నాకూ తెలీదు నాన్నా" అంది.

ఆయన నమ్మలేదు. వెళ్లే ఉంటాడన్నారు, సంచి పట్టుకున్న తీరు చూస్తే తెలియడంలేదా అన్నారు. వెళ్లి ఉండడనీ, వెళ్లినా ఆ పిల్ల అప్పటికి వేరే మనిషై ఉంటుందనీ నేనన్నాను. నీకు చదవడం రాదన్నారు. డిగ్రీ ఎవరిదని నేనడిగాను. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, పుస్తకం తెచ్చి పేజీ తీసి చూపించారు. నేనూ వెళ్లి చెయ్యి కడుక్కొచ్చి, అదే పుస్తకంలో ఇంకో పేజీ తీసి చూపించాను. చిన్నది కంచం ముందునుంచి లేవలేదు. కలిపిన ముద్ద చేతిలోనే ఆరిపోతున్నా, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది.