పెద్దాయన చెయ్యి

పొద్దున్నే బట్టలారేసేటప్పుడు ఆ కాలనీ ఆడవాళ్లు రేవుకి వీపు పెట్టి నిలబడతారు. అటు తిరిగి చెయ్యెత్తారా, గట్టు మీది క్రేను కూడా కొక్కెం పైకెత్తేస్తుంది మరి. ఓడలు కట్టే యార్డు మూతపడి, కరెంటు పీకేసి ఏళ్లయినా దానికా అలవాటు పోలేదు. పెద్దాయన అంటారు దాన్ని. ఎవరికైనా టాటా చెప్పాలన్నా నడుం దగ్గరే చెయ్యూపి ఊరుకుంటారు.

అలవాటు చేసింది సిగ్నలాయనే. ఎత్తు, దించు, ఆగు అని కింద నుంచి చేత్తో సైగ చెయ్యడమే ఆయన చేసిన ఉద్యోగం. ఇప్పుడదే స్థలంలో లేవబోయే ఫ్లాట్ల ఆఫీసు ముందు ఊడుస్తున్నాడు, కార్లొస్తే గేటు తీస్తున్నాడు. "సముద్రం కనిపించే బాల్కనీలు" అని అక్కడో బోర్డు.

"ఇన్నాళ్లూ మనకి కనిపించింది సముద్రం కాదు కాబోలు" అంటుంది భార్య.

ఓ పొద్దున కంచం పెట్టి ఆవిడే మెల్లిగా చెప్పింది. "మనబ్బాయికి పని దొరికింది. గ్యాస్ కటింగు. పెద్దాయన్ని కొయ్యడానికి."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "వేరే పనే లేదా వాడికి?"

"ఉంటే మీరు చూపించండి. ఇంట్లో కూర్చుంటే మీకే కదా ఒళ్లు మండేది?"

"నేను కాకపోతే ఇంకొకడు కోస్తాడు నాన్నా" అన్నాడు కొడుకు, బూట్లు వేసుకుంటూ.

ఆయనకి కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. రెండిటికీ ఓపిక చాల్లేదు. "సరే, పైకెక్కేటప్పుడు బెల్టు పెట్టుకో" అన్నాడంతే.

మధ్యాహ్నం ఊడుస్తుంటే పైన ఇనుము కిర్రుమంది. తలెత్తి చూస్తే, క్రేను పొడుగాటి చెయ్యిని పట్టి ఉంచే ఇనప తాడు తెగింది. ఆ చెయ్యి ఒరిగిపోతోంది. దాని మధ్యలో కొడుకు, బెల్టు దానికే కట్టుకుని. కింద రాతి గట్టు.

చీపురు పారేసి, పిడికిలి బిగించి పైకెత్తాడు. ఆగు అని.

పెద్దాయన ఆగాడు. తెగిన తాడు గాల్లో వేలాడుతూనే ఉంది. కొడుకు బెల్టు విప్పుకుని ఒక్కో కమ్మీ పట్టుకుని దిగడం మొదలెట్టాడు. సిగ్నలాయన భుజం గుంజింది, మోచెయ్యి వణికింది. అటక మీది డబ్బా కూడా అందుకోలేని చెయ్యి అది. ఎదురుగా క్రేనూ అలాగే వణుకుతోంది. అది ఎంత అలిసిపోయిందో ఆయనకి ఒంట్లోనే తెలిసింది. "ఇంకాస్త ఓపిక పట్టు నా తండ్రీ" అని దాన్ని బతిమాలుకున్నాడు.

కొడుకు పరిగెత్తుకొచ్చాడు, ఒళ్లంతా మసి. "వచ్చేశాను నాన్నా. ఇక దించెయ్."

ఆయన దించలేదు. దించితే పెద్దాయన ఉండడని ఇద్దరికీ తెలుసు. కొడుకు తండ్రి మోచేతి కింద తన చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

చాలాసేపటికి సిగ్నలాయన పిడికిలి విప్పాడు. షిఫ్టు అయిపోయినప్పుడు చూపించినట్టే, అరచెయ్యి తిప్పి నీళ్లవైపు నెమ్మదిగా దించాడు. పెద్దాయన అటే తిరిగి, అంతే నెమ్మదిగా నీళ్లలోకి వంగిపోయాడు. చప్పుడు కూడా పెద్దగా కాలేదు.

మర్నాడు కొడుకు ఇంకో పని వెతుక్కోవడానికి బయల్దేరాడు. సందు చివర వెనక్కి తిరిగి, ఎప్పట్లాగే నడుం దగ్గర చెయ్యూపాడు. గుమ్మంలో ఉన్న సిగ్నలాయన తన చేతిని తలకంటే పైకెత్తి ఊపాడు. రేవులో ఏదీ కదల్లేదు.